తలుపు దొంగ

షెడ్డులో కారు ఉంది. ఛార్జరు ఉంది. పనిముట్ల పెట్టె కూడా ఉంది.

తలుపు మాత్రం లేదు!

టాక్సీ డ్రైవరు తల గోక్కున్నాడు. కారు వదిలేసి తలుపు మోసుకుపోయే దొంగ ఎక్కడైనా ఉంటాడా?

"నీ కారు కంటే తలుపే నయమనుకున్నాడేమో," అంది భార్య.

ఈ ఇంట్లో అద్దెకు దిగి నెల కాలేదు. కారు బ్యాటరీ ముసలిదైపోయింది. ఇంటికి రాగానే దానికి ఛార్జింగ్ పెట్టి, ఎవరూ కొట్టేయకుండా షెడ్డు తలుపు గట్టిగా మూసేవాడు. పొద్దున్నే బ్యాటరీ నుంచి ఛార్జరు క్లిప్పులు పీకే పని భార్యది.

ఆ సాయంత్రమే దొంగ దొరికిపోయాడు. పెద్దాయన. చేతుల నిండా పాత కాలిన మచ్చలు. తాపీగా షెడ్డు కిటికీ రెక్క ఊడదీస్తున్నాడు.

"ఏయ్! తలుపు చాల్లేదా?"

"గాలి ఆడాలి బాబూ. ఛార్జింగప్పుడు బ్యాటరీలోంచి గ్యాసు వస్తుంది. చిన్న నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది."

"ఆ ముక్క నోటితో చెప్పొచ్చుగా?"

"మొన్న గేటు దగ్గర చెప్పాను. నవ్వి లోపలికెళ్లిపోయారు."

నిజమే, ఎవరో ఏదో గొణిగారు. చందాలవాడనుకున్నాడు.

"క్లిప్పులు ఎవరు తీస్తారు?"

"మా ఆవిడ. అయితే?"

పెద్దాయన స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

"ముందు స్విచ్ ఆపమనండి. ఆ తర్వాతే క్లిప్పులు. కరెంటుండగా పీకితే నిప్పురవ్వ లేస్తుంది. గట్టిగా చెప్పండి బాబూ."

దొంగే పంతులై పాఠం చెబుతుంటే డ్రైవరుకి ఒళ్లు మండింది. కాలరు పట్టుకుని గేటు బయటికి నెట్టాడు.

పెద్దాయన, గుమ్మంలో నిలబడ్డ డ్రైవరు భార్య వైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయాడు.

ఆవిడ ఏమనుకుందో, నేరుగా షెడ్డులోకి వెళ్లి ముందు ఛార్జరు స్విచ్ ఆపింది.

డ్రైవరుకి ఏమీ అర్థంకాలేదు. ఇల్లు అద్దెకిచ్చినావిడకి ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ తలుపు పోయింది. చేతులు కాలిన ముసలాయన ఎత్తుకుపోయాడు."



"కొట్టావా నాయనా?"

"అబ్బే, బయటికి నెట్టానంతే."

"ఇల్లు నాది కాదు, మా అన్నయ్యది. నువ్వు నెట్టింది ఆయన్నే."

డ్రైవరు ఫోన్ చెవిన పెట్టుకునే గేటు దాకా పరుగెత్తాడు. వీధిలో ఎవరూ లేరు.

"ఏళ్ల కిందట ఓ రాత్రి ఆ తలుపు మూసి ఛార్జింగ్ పెట్టింది అన్నయ్యే," అంటోంది ఆవిడ, "పొద్దున్నే క్లిప్పులు తీయడానికి వెళ్లింది మా వదిన."