ఊచలకు అటూ ఇటూ

బోను తలుపు తెరిచి ఉంది. రేషమ్ అందులో లేదు.

మెహర్ సుల్తానా మధ్యాహ్నం నమాజు ముగించుకుని అప్పుడే పైగదిలోకి వచ్చింది. పక్క బోనులోకి తొంగి చూసింది. అందులో కుందేలు పిల్లలా ఉండే మగ చించిల్లా బాదల్ వీపుకు ఆనుకుని, బూడిదరంగు ఉన్ని ఉండలా ముడుచుకుని, రేషమ్ హాయిగా నిద్రపోతోంది.

"గంగామణీ!"

ఆ కేకకు చించిల్లాలు రెండూ ఉలిక్కిపడి చెరో మూలకు దూకాయి. మెహర్ రేషమ్‌ను తీసి, దాని బోనులో పెట్టి గడియ బిగించింది.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. నిరుడు గుడియా అనే ఆడ చించిల్లా ఇలాగే పొరపాటున కడుపుతో అయింది. కాన్పులో పిల్ల అడ్డం తిరగడంతో గుడియా మెహర్ ఒళ్లోనే ప్రాణం వదిలింది. రేషమ్ ఇంకా చిన్నది. ఒళ్లు ఎదగకముందే కడుపైతే బతకడం కష్టమని, మగదానితో కాసేపు కూడా కలవనివ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. అందుకే రెండు బోన్లు. కనీసం ఒకదాన్నొకటి చూసుకుంటాయని వాటిని పక్కపక్కనే పెట్టించింది.

వంటమనిషి గంగామణి పరుగెత్తుకొచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది.

"ఈ తలుపు ఎవరు తీసిండ్రు?"

గంగామణి చేతి పిండిని కొంగుకు తుడుచుకోసాగింది. ఆమె వెనక, మెట్ల మీద, భుజాన నీళ్ల క్యాన్‌తో డ్రైవరు నర్సింలు ఆగి ఉన్నాడు.

"నేనే తీసిన మేడమ్."

"నువ్వా? నీకు వీటితో ఏం పని?"

"పొద్దుగాల క్యాన్ పెట్టనీకి వచ్చిన గదా. గడ్డి ఏద్దామని తీసిన. ఏది ఏ బోనుదో తెల్వక ఒక్కదాంట్లనే పెట్టిన."

"అది చచ్చిపోతే నువ్వు తెచ్చిస్తవా ప్రాణం?" మెహర్ రేషమ్ బోను గడియను మళ్లీ లాగి చూసింది. "కొత్త డ్రైవర్ వచ్చేదాకా డ్యూటీ చెయ్యి. ఆ తర్వాత ఖల్లాస్. ఊరికి పో."

"మేడమ్..." అంటూ గంగామణి ముందుకు వచ్చింది.

"కూర మాడుతున్నది, పోయి చూడు," అన్నాడు నర్సింలు ఆమె మాటకు అడ్డుపడి. క్యాన్ దించి కిందికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే రేషమ్‌ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

"ఇప్పుడే ఏమీ చెప్పలేను," అన్నాడాయన. "ఇవి నాలుగు నెలల దాకా మోస్తాయి. వచ్చే నెల తీసుకురండి, స్కాన్ చేద్దాం."

ఆ నెలంతా మెహర్‌కు కంటి మీద కునుకు లేదు. రోజూ పొద్దున్నే రేషమ్‌ను వంటింటి తూకం మీద కూర్చోబెట్టేది. బరువు పెరుగుతోంది. ఎదుగుతోందా, మోస్తోందా? ఆ మెత్తటి పొట్టను తడిమినప్పుడల్లా గుడియా చివరి చూపు గుర్తొచ్చేది.

ఈలోగా కొత్త డ్రైవరు కోసం ఏజెంటుకు ఫోన్ చేసింది. పాత షరతు మళ్లీ చెప్పింది. ఇదివరకు ఇంట్లో పనిచేసిన భార్యాభర్తల్లో ఆ అమ్మాయికి నెల తప్పడంతో ఇద్దరూ ఒకేసారి ఊరెళ్లిపోయారు. అప్పటి నుంచి ఆ ఇంట్లోకి జంటలను రానివ్వడం లేదు. గంగామణికి వంటింటి వెనక గది, డ్రైవరుకు గేటు పక్కన గది. మధ్య తలుపుకు చీకటి పడితే తాళం.

గంగామణి తిండి మానేసింది. గిన్నెలు తోముతూ కళ్లు తుడుచుకుంటుంటే మెహర్‌కు జాలేసింది.

"తప్పు చేసింది వాడు. నువ్వెందుకు ఏడుస్తవ్? మీ ఆయన గుర్తొచ్చిండా? ఎక్కడుంటడు?"

"దుబాయ్‌ల మేడమ్."

"ఫోన్ చేస్తడా?"

"చేస్తడు," అని తల దించుకుంది గంగామణి.

స్కాన్ రోజు రానే వచ్చింది. బయట అల్ రయ్యాన్ నగరం రోడ్లు ఎడారి ఎండకు సెగలు కక్కుతున్నాయి. చించిల్లాలు వేడికి తట్టుకోలేవు. నర్సింలు ముందుగానే కారు చల్లబరిచి, ఇంటి తలుపు దగ్గరికి తెచ్చి ఆపాడు. గంగామణి బోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా మెహర్ దువాలు చదువుతూనే ఉంది.

డాక్టరు తెర వైపు చాలాసేపు చూశాడు. మెహర్ గంగామణి చేతిని గట్టిగా పట్టుకుంది.

"కడుపు లేదు. బాగా ఎదుగుతోంది, అంతే."

మెహర్ అక్కడే కూలబడి ఏడ్చేసింది.

"ఇంత భయంతో ఎన్నాళ్లని కాపలా కాస్తారు?" అన్నాడు డాక్టరు. "మగదానికి ఆపరేషన్ చేద్దాం. చేసిన వెంటనే మాత్రం కలపొద్దు, కొన్ని వారాలు ప్రమాదం ఉంటుంది. ఆ తర్వాత కలిసి ఉండనివ్వండి."

"చేయండి డాక్టర్. పక్కపక్కన పెట్టి విడదీయడం నాకు మాత్రం ఇష్టమా?"

కారు కదిలిన కాసేపటికి గంగామణి నోరు తెరిచింది.

"మేడమ్, ఆ తలుపు తీసింది నేను."

మెహర్ విస్తుపోయి చూసింది.

"పొద్దస్తమానం ఊచలకు ముక్కులానిచ్చి కూసుంటున్నయి మేడమ్. ఒక్కింట్లనే ఉండుడు, ఒకదాని దగ్గరికి ఒకటి పోరాదాయె. చూసి చూసి పాణం ఆగలే. జరసేపే అనుకున్న. అది చచ్చిపోతదని ఈ నెలంత నేనే చచ్చిన."

మెహర్ కోపం తెచ్చుకోబోయింది, రాలేదు. డ్రైవరు సీటు వైపు తిరిగింది.

"నర్సింలూ, నౌకరీ పోతదని తెలిసి కూడా తప్పు నీ మీద ఎందుకేసుకున్నవ్? ఈమె నీకేమైతది?"

సిగ్నల్ పడింది. కారు ఆగింది. నర్సింలు అద్దంలోంచి గంగామణిని చూశాడు. ఆమె తలూపింది.

"నా పెండ్లాం, మేడమ్."