జగ్గమ్మ పళ్ళ సెట్టు

"కాలైనా తీసీండి గానీ డాట్రమ్మా, పళ్ళు మాత్రం తియ్యను!"

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న జగ్గమ్మ అంత మాటా అనేసి, చెంగుతో నోరు మూసుకుంది. చీపురుపల్లిలో పళ్ళ ఆసుపత్రి పెట్టాక డాక్టర్ అనూరాధ ఇలాంటి బేరం ఎప్పుడూ వినలేదు.

"డబ్బయ్యేళ్ళొచ్చినాయి, ఈ మొండితనమేటే అమ్మా?" అని కసిరాడు కొడుకు తిరుమలరావు. డాక్టరు వైపు తిరిగాడు. "ఐనా నాకు తెలవకడుగుతాను. గోగు సేలో ముల్లు దిగింది కాల్లో. రెండు నెల్లయినా పుండు మానదు. సుగరు దిగితేనే మానతాదన్నారు పెద్దాసుపత్రిలో. మరి నోరు సూపించమని ఇక్కడికి పంపినారేటి?"

"చిగుళ్ళలో చీముంటే షుగరు ఓ పట్టాన దిగదండి. మందులు వాడుతున్నా దిగలేదంటే నోరు చూడాల్సిందే. ఇలాగే వదిలేస్తే ఆ కాలి వేలు తీసేయాల్సి రావచ్చు."

తిరుమలరావు మొహం పాలిపోయింది. వంగి, పుండు లేని కాలు పట్టుకున్నాడు. "నీ కాలట్టుకుంటాను, తీసీయే అమ్మా."

జగ్గమ్మ కాసేపు కొడుకును చూసింది. తరవాత డాక్టరును చూసింది.

"మళ్ళీ ఇచ్చీస్తావా?"

"ఇచ్చేస్తాను మామ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

కొంగు చాటున పళ్ళ సెట్టు ఊడదీసింది. గిన్నెలో పెట్టమంటే పెట్టకుండా గుప్పిట్లోనే దాచుకుంది. అనూరాధ లైటు వేసి చూసింది. సెట్టు ఒరుసుకున్నంత మేరా చిగుళ్ళు పుండైపోయాయి. నొక్కితే చీము. ఈ మనిషి అన్నం ఎలా నమిలిందో!

బతిమాలి గుప్పిట విప్పించి సెట్టు చూసేసరికి ఆమెకు ఒళ్ళు మండింది. ఆ నోటికీ దీనికీ పొంతనే లేదు.

"ఎవడు కట్టాడు మామ్మా ఇవి? కొలతైనా తీసుకోలేదు! వాడి పేరు చెప్పు, నేను అడుగుతాను."

"ఆడి తప్పేటీ నేదమ్మా. ఆ కొలత మా ఆయన్ది."

తిరుమలరావు తలెత్తాడు. "అయ్యవా? అవి నీకెందుకే!"

"పెద్దకర్మ నాడు అతగాడి మంచం, సైకిలు, గొడుగు, సేతి వాచీ తలో ఒకటి అట్టుకుపోనారు కదరా," అంది జగ్గమ్మ బోసినోటితో. "ఇవొక్కటే ఎవులూ అడగనేదు."