హీరోకి గంధం దండ

వేదవతి అత్తగారు రాజ్యానికి ఒక జబ్బుంది. ఎక్కడ పెద్ద ఫోటో కనబడినా పోయినవాళ్ళదే అనుకుంటుంది. కొడుకూ కోడలూ ఉంటున్న ఈ పరాయి దేశపు పేట, బోటనీ డౌన్స్ బస్‌స్టాపులో ఇళ్ళమ్మే ఏజెంటు ఫోటో చూసి, పాపం చిన్నవయసే అని నిట్టూర్చిన మనిషి.

అలాంటి మనిషికి పక్కింటి సఫియా నేస్తమైంది. సఫియాది ఈజిప్టు. ఎనభై దాటాయి. పెళ్ళి కాలేదట, చెల్లెలి కొడుకు దగ్గర ఉంటోంది. ఇద్దరికీ కలిపి ఓ యాభై ఇంగ్లీషు ముక్కలు వచ్చు. వాటితోనే రోజూ టీ, కబుర్లు. కారు నడపడం రాని రాజ్యానికి ఈ దేశంలో నడిచి వెళ్ళగలిగిన ఇల్లు అదొక్కటే.

సఫియా హాల్లో నిలువెత్తు ఫోటో ఒకటుంది. షుక్రీ మన్సూర్. నలుపు తెలుపు రోజుల ఈజిప్టు హీరో. వేదవతి వెళ్ళినప్పుడల్లా సఫియా తన భాషా ఇంగ్లీషూ కలిపి ఆయన చరిత్ర ఎత్తుకునేది. ట్రాం కండక్టరు కొడుకు. మొదటి సినిమాలో శవం వేషం, అందులోనూ తుమ్మాడు. తర్వాత అరవై రెండు సినిమాలు. తెరమీద గుర్రం దూకించేవాడే గానీ గుర్రమంటే చచ్చే భయం. ప్రేమ సీనుకి ముందు లవంగం నమిలేవాడు. కుడికాలి బూటు అర సైజు పెద్దది.

వేదవతికి వింతేమీ అనిపించలేదు. హీరో బనియను సైజు చెప్పగల అభిమానులు వాళ్ళ గుంటూరులో వీధికి నలుగురు. నెట్‌లో చూస్తే సినిమాల లెక్క సరిగ్గా సరిపోయింది. ఆయన ఆజన్మ బ్రహ్మచారిగానే పోయాడనీ, ఆరోజు కైరోలో ఆడపిల్లలు సొమ్మసిల్లారనీ కూడా ఉంది.

రాజ్యం ఇదంతా వినలేదు. ఊరినుంచి తెచ్చుకున్న గంధం చెక్కల దండ తీసుకెళ్ళి ఫోటోకి వేసి, సఫియా చెయ్యి పట్టుకుని, "యువర్ హస్బెండ్, గుడ్ మ్యాన్" అంది.

సఫియా దండకేసి చూసి, ముఖం కప్పుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

"పెళ్ళే కానావిణ్ణి ఏకంగా విధవరాల్ని చేసొచ్చారా అత్తయ్యా? అదీ సినిమా హీరోకి."

"హీరో అని నాకేం తెలుసే? అంత శ్రద్ధగా తుడుస్తుంటే మొగుడే అనుకున్నాను."

వారం గడిచింది. సఫియా పిలవలేదు. రాజ్యం కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పక్కింటి తలుపుకి కాపలా కాసింది. సీరియల్ కూడా మానేసింది. అప్పుడు వేదవతికి నిజంగా భయమేసింది.

ఎనిమిదో రోజు అత్తగారిచేత "సారీ, మై మిస్టేక్" అని పదిసార్లు వల్లె వేయించి, రవ్వలడ్డూల డబ్బాతో వెంటబెట్టుకెళ్ళింది.

రాజ్యం నోరు తెరిచేలోగానే సఫియా ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ఒక్క ముక్క పోకుండా మీ భాషలో చెప్పు అని వేదవతికి పురమాయించింది.

"నిర్మాతలు వద్దన్నారని ముప్ఫై ఏళ్ళు, ఆయన పోయాక అలవాటైపోయి ఇంకో ముప్ఫై ఏళ్ళు, షుక్రీ నా భర్త అని ఎవ్వరికీ చెప్పకపోవడం నాదే తప్పు, రాజ్యం."