కోడె తాడు

వేములవాడ గుడిలో కోడెను కట్టే మొక్కు తీర్చడానికి కొడుకుతో వచ్చింది భూమవ్వ.

ఆరేళ్ల రాజేశం కొన్ని నెలలుగా నోరు విప్పడం లేదు. గాలి సోకిందన్నారు ఊరివాళ్లు. దుబాయిలో ఉన్న తండ్రికి ఈ సంగతే తెలియదు.

కోడె తాడును రాజేశం చేతికిచ్చింది. వాడు గావుకేక పెట్టి, చేతులు చంకల్లో దాచుకుని కూలబడ్డాడు.

"గాలే! ఎట్ల ఒర్రుతుండో చూడుండ్రి," అన్నారెవరో.

ఎవరో ఒకామె వచ్చి వాడి ముందు కూర్చుంది. వాడి చేయి మెల్లగా బయటికి తీసి, మణికట్టు మీద కమిలిన గీత చూసింది.

"చెల్లే, పిలగాన్ని ఇంటికాడ కట్టేస్తున్నవా?"

భూమవ్వ కొడుకు చేతిని కొంగుతో కప్పింది. ఈమెకెలా తెలిసింది?

"వరి నాటుకు పోవద్దా? ఇంటెనుక బాయి ఉన్నది. గుంజకు కట్టేయకుంటే పడడా?"

"నీ భయం నాకెరుకే. కరీంనగర్ల శ్రీధర్‌రావు డాక్టర్ ఉన్నడు, మనసుకు చూస్తడు. ఇద్దరు పోండ్రి."

"నా కొడుకేం పిచ్చోడు కాదు!"

"నీకు గూడ చూస్తడు చెల్లే."

జబ్బు కొడుక్కయితే వైద్యం తల్లికా? భూమవ్వకు కోపం వచ్చింది.

"నీకెందరు పిల్లలు?"

"ఎవ్వలు లేరు."

"అందుకే! కంటె తెలుస్తుండె తల్లి బాధ. జరుగు!"

ఆమె రాజేశం తల నిమిరి వెళ్లిపోయింది.

మొక్కు తీరింది. రాజేశం మాత్రం మాట్లాడలేదు.

దసరా దాటాక, ఇంకేమీ తోచక, భూమవ్వ కరీంనగర్ బస్సెక్కింది.

డాక్టర్ తాడు సంగతి, బావి సంగతి అంతా విన్నాడు. తిట్టలేదు. తిట్టకపోవడమే ఆమెకు అంతుపట్టలేదు.

"కట్టేసినప్పుడు ఎంత పిలిచినా ఎవ్వలు రాలే. గందుకే వాడు పిలుసుడు మానిండు. వాడు మాట్లాడాలంటె ముందు నీ భయం తగ్గాలె. ప్రతి వారం ఇద్దరు రాండ్రి."

"మళ్ల నాకేనా సార్? వేములవాడల మీ పేరు చెప్పిన ఒకామె గూడ గిట్లనే అన్నది. నేనే నోటికొచ్చినట్టు అన్న. ఏడుంటది? కాళ్లు మొక్కుత."

డాక్టర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"శంకరవ్వ. నా దగ్గరికే వచ్చేది. పోయిన నెల కాలం చేసింది."

భూమవ్వ కొడుకును దగ్గరికి లాక్కుంది.

"పిల్లల్లేని మనిషికి గింత ఎట్ల తెలిసింది సార్?"

"తన సంగతి నీ అసొంటోళ్లకు చెప్పుమన్నదమ్మా. ఆమెకు ఒక్క బిడ్డ ఉండె. గుడిసెల గుంజకు కట్టేసి కూలికి పోయింది, వచ్చేసరికి గుడిసె కాలిపోయింది."