కాదనేవాడు

"టైసనే గెలుస్తడు సారు! గీ ఉసిక్‌ను మూడో రౌండ్లనే పండవెడ్తడు!"

చాయ్ గ్లాసులు ఎగిరిపడేలా టేబుల్ మీద చరిచి, రామస్వామి ఎదుటి మనిషి మొహంలోకి ఆశగా చూశాడు.

ఎదుట కూర్చున్నది తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి. మాట కోస్తా మాట. భార్య సాయిబాబా గుడికి వెళ్తూ, తను వచ్చేదాకా ఈ హోటల్లోనే కూర్చోమని చెప్పి వెళ్లింది. గురువారం నాడు దిల్‌సుఖ్‌నగర్ గుడి దగ్గర లైను ఓ పట్టాన కదులుతుందా? అందుకని ఆయన బుద్ధిగా చాయ్ తాగుతూ, బుద్ధిగా తలూపాడు.

"అలాగేనండీ. మీరు చెప్తున్నారంటే గెలుస్తాడు."

రామస్వామికి ఉసూరుమంది. ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైన మనిషి, మోకాళ్ల నొప్పులతో ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి వచ్చింది 'అలాగేనండీ' అనిపించుకోవడానికా?

"ఊకె గట్ల ఒప్పుకుంటె ఎట్ల సారు? జర కాదనుండ్రి."

"నాకీ బాక్సింగ్ గొడవ తెలీదండీ. ఇంతకీ ఆ ఉసిక్ ఎవరు?"

"గిప్పుడు హెవీవెయిట్‌ల గాయనే మొనగాడు. ఎడమచేతి వాటం. ఫ్యూరీ తాడిచెట్టంత ఉంటడు, రెండుసార్లు కొట్లాడి రెండుసార్లు ఓడిండు. జాషువాది గదే కథ. ఇగ గిసుంటి మొనగాళ్లను పాతోళ్లల్ల ఎవడు కొడ్తడు అన్నదే మా పంచాది. నేను టైసన్ అంట. మావోడు ఫ్రేజియర్ అంటడు."

"మీవాడంటే?"

"నా దోస్తు. మీ దిక్కాయననే. రోజు గీ టేబుల్ కాడనే కూసుంటుంటిమి." చెప్తుంటేనే రామస్వామి మొహం విప్పారింది. "నేను టైసన్ అంటె సాలు, 'నీ మొహం! ముందు ఫ్రేజియర్ ఎడమచేతి హుక్ దెబ్బ తప్పించుకోమను' అని మీదికి లేస్తుండె. నా మాట ఒక్కనాడన్న ఒప్పుకుంటె ఒట్టు. ముందుగాల ఒప్పుకున్నోడు సమోసలు తినిపియ్యాలని షరతు. ఇన్నేండ్లల్ల ఒక్క సమోస తినలే సారు మేము!"

పెద్దమనిషికి నవ్వొచ్చింది. "మరి నేను ఒప్పుకున్నాగా? ఉండండి, సమోసాలు నేను చెప్తాను."

సర్వర్ కోసం ఆయన ఎత్తిన చేతిని రామస్వామి గబుక్కున పట్టుకుని దించాడు.

"ఒద్దు సారు. గా సమోసలు మాత్రం ఒద్దు."

ఆ చేతిని వెంటనే వదల్లేదు కూడా. పెద్దమనిషి కాస్త ఇబ్బందిపడి, మాట మార్చడానికన్నట్టు అడిగాడు.

"ఆ ముక్కేంటండీ, అలా వంకరపోయింది?"

"మావోని పనే. దోస్తానా కాకముందు సంగతి. ఆయన బ్యాంకు, నేను ఆర్టీసీ. ఓ బాక్సింగ్ పోటీల ఎదురెదురు వడ్డం. నేను కుడిచెయ్యి దిక్కే చూస్తున్న, ఎడమచెయ్యి ఒచ్చి పడ్డది. కొట్టినోడే దవాఖానల నా మంచం పక్కన కూసోని ఏడిసిండు. గప్పటిసంది ఇడువలే."

"అయ్యయ్యో! ఎంత దుర్మార్గుడండీ!"

రామస్వామి పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

"గట్లనకుండ్రి సారు. దేవునసుంటోడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"జర దూరం పోయిండు."

"ఫోన్ చెయ్యలేకపోయారా?"

"ఫోన్‌కు అందే దూరం గాదు సారు."

పెద్దమనిషి నొచ్చుకున్నాడు. బయట సిటీ బస్సుల హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి.

"మరి ఇక్కడికి రావడం దేనికండీ, బాధ కాకపోతే?"

"ఒస్తడని. ఒక్కసారి ఒచ్చి 'నీ మొహం' అంటె సాలు, నాకింకేమొద్దు. గందుకే గురువారం గురువారం ఒచ్చి కూసుంట. పిచ్చోణ్ణి అనుకుంటున్నరా?"

"ఛఛ! అంత ఇష్టమైన మనిషి ఉండటం అదృష్టమండీ. పేరు చెప్పండి, ఎక్కడైనా కనపడితే మీరు ఎదురుచూస్తున్నారని చెప్తాను."

"ఒచ్చిననాడు ఆయననే చెప్తడు తియ్యిండ్రి" అన్నాడు రామస్వామి. తన గ్లాసు పక్కకు జరిపి ముందుకు వంగాడు. "సారు, ఆఖరుసారి అడుగుత. బాక్సింగ్ తెల్వకున్నా ఏం కాదు, మనసుకు ఏది తోస్తే అది చెప్పుండ్రి. గీ ఉసిక్‌ను కొట్టేది ఎవరు? టైసనా, ఫ్రేజియరా?"

పెద్దమనిషి ఎడమచేతిలోని గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. నొసలు ముడిపడింది. పెదాలు కదిలాయి. రామస్వామి కుర్చీ అంచుకు జరిగాడు.

"టైసనేనండీ. మీ మాటే నా మాట."

రామస్వామి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. జీవితమంతా గెలవాలనుకున్న వాదన గెలిచిన మనిషిలా లేడు.

ఇంతలో పెద్దమనిషి భార్య సూర్యప్రభ నుదుట విభూతితో, చేతిలో ప్రసాదంతో వచ్చింది. బయట ఆటో ఆపి ఉంచింది. పెద్దమనిషి లేచి రెండు చేతులూ జోడించాడు.

"మీతో పరిచయం కావడం సంతోషమండీ. మీ స్నేహితుడు త్వరగా రావాలి."

"మీ నోట్లె చక్కెర పొయ్య సారు" అన్నాడు రామస్వామి.

ఆవిడ భర్తను జాగ్రత్తగా నడిపించుకెళ్లి ఆటోలో కూర్చోబెట్టింది. ఆటోవాణ్ణి ఒక్క నిమిషం ఆగమని, ఒక్కతే వెనక్కి వచ్చి రామస్వామి చేతిలో ప్రసాదం పెట్టింది. ఆటో వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఈవేళైనా మిమ్మల్ని గుర్తుపట్టారా, అన్నయ్యగారూ?"