తీసేసిన లైను

“కృష్ణబిలానికి నాడి కొట్టుకోదు. ఆ మాత్రం తెలీకుండానే డాక్టరేటిచ్చారా నీకు?” నున్సియా రాసిన పరిశోధన పేపర్ని ప్రొఫెసర్ గాస్పరె బల్ల మీదికి విసిరాడు. కప్పు తుళ్ళి కాఫీ ఒలికింది.

“అందుకే అది కృష్ణబిలం కాదంటున్నాను,” అంది నున్సియా. “న్యూట్రాన్ నక్షత్రం. సెకనున్నరకోసారి కొట్టుకుంటోంది.”

“న్యూట్రాన్ నక్షత్రం ఎక్స్-రేలో అంతలా వెలగడం అసాధ్యం. టెలిస్కోపు పైనుంచి పంపిన డేటాని శుభ్రం చెయ్యకుండా చూస్తే, బల్లారో సంతలో చేపలవాడి కేకలు కూడా వినిపిస్తాయి. నా ప్రోగ్రాం నడిపావా?”

“నడిపితే నాడి పోయింది. అందులో ఒక లైను తీసేసి నడిపితే మళ్ళీ వచ్చింది.”

“నా ప్రోగ్రాంలో వేలు పెట్టడానికి నువ్వెవరు?”

ఆ లైను పక్కన ఆయన రాసుకున్న మాటల్ని నున్సియా పైకి చదివింది. “‘సెకనున్నర చప్పుడు. పరికరం లోపం. తీసెయ్యాలి.’ పరికరం లోపమైతే ప్రతి చుక్కలోనూ వినపడాలిగా. నలభై చూశాను, ఈ ఒక్కదాంట్లోనే ఉంది. మీరెన్ని చూశారు?”

గాస్పరె కప్పు సరిచేసి, ఒలికిన కాఫీని చేతిరుమాలుతో చాలాసేపు తుడిచాడు. పదిహేనేళ్ళుగా ఆ ల్యాబులో అందరూ నడిపేది ఆ ప్రోగ్రామే. అది వాడిన ప్రతి పేపరు మీదా తన పేరుండాలన్న నియమం పెట్టిందీ ఆయనే.

“ఈ పేపర్లో నా పేరు తీసెయ్,” అన్నాడు చివరికి.

“తియ్యను ప్రొఫెసర్. దాని నాడి అందరికంటే ముందు విన్నది మీరే. తీసెయ్యడం మీ అలవాటు, నాది కాదు.”