రూటు కాగితం

తెల్లారేసరికి తూర్పున మబ్బు విడిచింది. పడమట ఇంకా పట్టే ఉంది. మొండయ్య చెత్త ఆటో తాళం తిప్పకుండా, మున్సిపాలిటీ పారిశుధ్య జవాన్ భానుచందర్ ఇచ్చిన కాగితం కేసి చూస్తున్నాడు.

"పాత రూటు మర్చిపో. ఇయ్యాల్టి సంది ఇదే" అన్నాడు భానుచందర్. "సుబేదారిల నీ ఆరువందల ఇండ్లు పదకొండింటి లోపు ఒడవాలె. ఒడవకపోతే బండి వేరేటోనికిస్తరట."

"పోయిన నెల కంప్యూటర్ గీసిన రూటు యాదికి లేదా అన్నా? సందుల ఇరికిచ్చింది. నలుగురొచ్చి ఎనుకకు నూకిండ్రు."

"గది వేరే ముచ్చట. నువ్వు జరమొచ్చి పండుకున్న వారం మన ఆఫీసు నవ్య మేడం బండెంబడి తిరిగి తయారు చేయించింది. నిన్ననే సంతకాలైనయి."

కాగితం అడుగున 'రూటు రూపొందించినవారు' అని ఉంది. ఎదురుగా పేరు లేదు. ఏదో నీలం మరక.

"పేరు సుత రాయలే. సిరా ఒలకవోసిండ్రు" అన్నాడు మొండయ్య.

మొండయ్య భార్య రాజక్క ముందే వచ్చి ఆటో వెనక మెట్టు మీద నిలబడి ఉంది. ఇంటింటి ముందు ఈల ఊది బకెట్లు అందుకునేది ఆమే.

"అప్పుడే గ్లౌజులు తొడిగినవేందే?"

"సలి."

"సదివి చెప్త ఇను. నీకెట్లాగూ సమజ్ కాదు."

ముందు బడి గల్లీ. ఏడున్నర దాటితే అక్కడ పిల్లల ఆటోలు అడ్డం. ఆ తర్వాత ఆ పూట నల్లా నీళ్లు రాని వాడ. నల్లా వచ్చే వాడలో ఆ వేళ ఆడవాళ్లంతా బిందెల దగ్గరే ఉంటారు, చెత్త తెచ్చేవాళ్లుండరు. గడ్డ మీదికి ఖాళీ బండితో ఎక్కడం, నిండిన బండితో దిగడం.

రెండో గడ్డ దిగేసరికి మొండయ్య సణుగుడు ఆగిపోయింది.

"ఉప్పలయ్య సారు ఇల్లు ఆఖరున పెట్టిండు సూడు. ఆయన తొమ్మిదింటిదాక తలుపు తీయడని ఆఫీసులోళ్లకెట్ల తెలిసిందే?"

"ఏమో."

"గీసినోడు మామూలోడు గాదు. గంత పెద్ద సదువు సదివి సుత బండెనుక నడిసిండు."

"ముందు సూసి నడుపు."

పది ఇరవైకి ఆఖరి బకెట్ పడింది. గల్లీ చివర కాచుకుని ఉన్న భానుచందర్ గడియారం రెండుసార్లు చూసుకున్నాడు.

"బండి నీదే మొండన్నా. ఇగ అన్ని వార్డులకు గిట్లనే చేస్తరట."

మొండయ్య ఛాతీ పొంగింది. "మా సుబేదారి రూటు! ఆ సారు కనబడితే కాళ్లు మొక్కుత."

"అంతొద్దు తియ్" అంది రాజక్క, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

డంపు పక్కన రేకుల నీడలో కూర్చున్నారు. రాజక్క గ్లౌజులు తీసి, సబ్బుతో చేతులు కడుక్కుని, డబ్బా విప్పింది. అన్నం, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. డబ్బా కింద పరుద్దామని ఆమె రూటు కాగితం లాగబోతే మొండయ్య లాగనివ్వలేదు.

"దాని మీద పెట్టకు."

మడత పెడుతూ ఆగాడు. నీలం మరకలో సన్నటి గీతలున్నాయి, సుడి తిరిగి. మరక కాదు, వేలిముద్ర.

ఏదో అడగబోయాడు. రాజక్క తల వంచుకుని అన్నం కలుపుతోంది. ఉల్లిగడ్డలో పెద్ద ముక్క ఆమె వైపు జరిపాడు.

రాజక్క బొటనవేలికి నీలం ఇంకా పోలేదు.